జానెడు జాగకు జమాఖర్చు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని విద్యార్థి సంపాదకులు ప్రతి ఏడూ మమ్ములను అడుగుతారు. ప్రతి ఏడూ మేము ఒక కవిని గూర్చి గాని, ఒక ఛందస్సును గూర్చి గాని నాలుగు పుటలు వ్రాసి ఇస్తుంటాము. ప్రూఫులు దిద్దినవారు తప్ప వాటిని మరెవరైనా చదివిన దాఖలా ఇంతవరకు మాకు కనబడలేదు. ఈసారి కామర్సు విద్యార్థులు ఇద్దరు స్టాఫ్ రూములోకి వచ్చి, "సార్, మాకు పనికి వచ్చేదేదైనా వ్రాయండి" అన్నారు. ఆ మాట కొంచెం గుచ్చుకున్నది. కావున ఈ ఏడు ఛందస్సును పక్కన పెట్టి మా ఇంటి లెక్క ఒకటి వ్రాస్తున్నాము. లెక్కల పుస్తకం మా చేతికి ఎట్లా వచ్చిందని అడగవద్దు, తెలుగు యం.ఏ. చదివినవాడికి ఇంట్లో అప్పగించే పని దస్తావేజులు చదివి వినిపించడమే.

మా అబ్బా జాతరలలో గాజులు, ఆటవస్తువులు అమ్మేవారు. గాజులు లాడ్ బజారు నుండి, బొమ్మలు బేగం బజారు నుండి తెచ్చి, ఏడాది పొడుగునా జాతర వెంబడి జాతర తిరిగి, రెండేండ్లకొకసారి మేడారం చేరేవారు. మేడారమంటే మా ఇంట్లో ఒక ఊరు పేరు కాదు, ఒక పద్దు పేరు. "ఇది మేడారం తరువాత చూద్దాము" అంటే ఆ ఖర్చు వాయిదా పడ్డదని అర్థం. మా అమ్మీ కుట్టుమిషను, మా పుస్తకాల బీరువా, చెల్లెలి చదువు, అన్నీ ఏదో ఒక మేడారం తరువాత వచ్చినవే.

ఆ ఊరిని గూర్చి ఈ జిల్లాల వారికి చెప్పవలసిన పని లేదు. మాఘ శుద్ధ పౌర్ణమి వేళకు నాలుగు రోజులు. బుధవారం కన్నెపల్లి నుండి సారలమ్మ వస్తుంది, గురువారం సాయంత్రం చిలకలగుట్ట నుండి సమ్మక్కను కోయ పూజారులు తీసుకొని వస్తారు, శుక్రవారం ఇద్దరూ గద్దెల మీద ఉంటారు, శనివారం వనప్రవేశం. పూర్వం వరంగల్లు జిల్లా, 2019 నుండి ములుగు జిల్లా. మిగతా రోజులలో అడవి నడుమ ఒక చిన్న పల్లె. ఆ నాలుగు రోజులు అది పెద్ద పట్టణాలను మించిన పట్టణం. జనం బంగారమని పిలిచే బెల్లం బస్తాలకు బస్తాలు గద్దెల మీద పడుతుంది. మా అబ్బా మాత్రం బెల్లం జోలికి పోలేదు. చీమలకు, తడికి, అప్పుకు ఓర్చుకోగలవాడే బెల్లం అమ్మవలెనని ఆయన సిద్ధాంతం.

మేడారం ఐదవ షెడ్యూలు ప్రాంతంలోనిది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను కట్టుదిట్టం చేస్తూ 1970లో వచ్చిన ఒకటవ నిబంధన, జనం వాడుకలో 'వన్ ఆఫ్ సెవెంటీ', అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ కాపాడుతున్నది. అది కోయల నేల. మా వంటి వ్యాపారి ఎన్ని జాతరలు చేసినా ఆ నేల మీద నాలుగు రోజుల అతిథియే. అబ్బాకు ఈ చట్టం సంఖ్య తెలియదు గాని దాని సారం బాగా తెలుసు. "మనది కాదు, ఎన్నటికీ కాబోదు. అట్లాంటి జాగకు పైసలు పెట్టేటప్పుడు ఇంట్లోనుండి బయలుదేరక ముందే లెక్క తేలవలె" అనేవారు. జాగ అన్న మాట మన ఉర్దూ 'జగహ్' నుండి తెలంగాణ తెలుగులో స్థిరపడ్డదే. కిరాయి కూడ అటు నుండి వచ్చినదే. కౌలు అన్నది అరబ్బీ 'ఖౌల్'; ఆ భాషలో దానికి అర్థం 'మాట', 'చెప్పినది'. భూమిని కొంతకాలానికి ఇచ్చి పుచ్చుకొనడానికి 'మాట' అని పేరు పెట్టిన పెద్దలను తలచుకుంటే మాకు ముచ్చట వేస్తుంది. ఇప్పటి కౌలు పందొమ్మిది పుటలు ఉంటుంది. ఆ సంగతి తరువాత వస్తుంది.

మా తమ్ముడు హనుమకొండలో చిన్న వ్యాపారం చేస్తున్నాడు. ప్రైవేటు పాఠశాలల ఫీజుల లెక్కలు, హాజరు, మార్కులు, పిల్లల ఫోటోలు కంప్యూటరులో భద్రపరచి, తల్లిదండ్రులు ఫోనులో చూచుకొనే ఏర్పాటు చేసి ఇస్తాడు. వాడు, ముగ్గురు ఉద్యోగులు. 2022లో రూ. 4,80,000 పెట్టి రెండు సర్వర్లు కొన్నాడు. అవి ఆఫీసు వెనుక గదిలో, ఒక చెక్క బల్ల మీద, ఒక పాత కూలరు ముందర రాత్రింబగళ్ళు గుంయిమని మ్రోగుతుండేవి. కరెంటు పోతే బ్యాటరీలు. బ్యాటరీలు అయిపోతే వాడి గుండె దడ.

2023 జులై 27వ తేదీ ఉమ్మడి వరంగల్లులో ఎవరూ మరచిపోలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. తెలంగాణలో అంతవరకు నమోదైన వానలలో అది రికార్డు. జంపన్న వాగు పొంగి మేడారం, కొండాయి నీట మునిగాయి. హనుమకొండలో కాలనీలకు కాలనీలు చెరువులైనాయి. మా తమ్ముడి ఆఫీసులో మోకాటి లోతు నీళ్ళు. సర్వర్లు బల్ల మీద ఉండి బ్రతికాయి. నేల మీది బ్యాటరీలు చచ్చాయి. నాలుగు రోజులు ఏ పాఠశాలకూ లెక్క కనబడలేదు. అవి ఫీజులు కట్టే రోజులు. నలభై ఆరు పాఠశాలలలో ఆరు వాడిని విడిచిపెట్టి పోయాయి. ప్రాణాలు పోయినవారు ఉన్న ఊళ్ళలో ఇది ఒక నష్టమా అని వాడే అనేవాడు. కాని రాత్రులు నిద్ర పోయేవాడు కాదు.

అప్పుడు వాడికి పుట్టిన ఆలోచన ఏమనగా, సర్వర్లను హైదరాబాదులో ఒక డేటా సెంటరులో కిరాయికి జాగ తీసుకొని అక్కడ పెట్టవలెనని. సంగతి తెలియని విద్యార్థుల కోసం రెండు మాటలు. యంత్రం మనది, అది కూర్చునే ఇనుప అలమార, దానికి విడువని కరెంటు, చల్లగాలి, నిప్పు నుండి రక్షణ, తలుపు దగ్గర కాపలా, ఇంటర్నెట్టు తీగ, ఇవన్నీ వారివి. ఆ అలమారకు ర్యాకు అని పేరు. సాధారణంగా దానిలో 42 అరలు. ఒక్కొక్క అర ఎత్తు అంగుళమూ ముప్పాతిక. హైదరాబాదులో ఇటువంటివి ఇప్పుడు తక్కువ ఏమీ లేవు. కంట్రోల్ ఎస్ సంస్థ అక్కడ 2007లోనే మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో డేటా సెంటర్ల విధానాన్నే ప్రకటించింది. 2022లో అమెజాన్ తన క్లౌడు కేంద్రాలను అక్కడ తెరిచింది. ఇక 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కేంద్రానికి ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టనున్నట్లు ప్రకటించింది. ఆ గిగావాట్లలో మా తమ్ముడి వాటా ఎంతో ముందు ముందు చెబుతాము.

2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు మేడారం జాతర. అబ్బాకు అప్పటికి మోకాళ్ళు సహకరించడం మానాయి. ఇదే చివరి మేడారమని ఆయన అనలేదు గాని, మేమిద్దరమూ సెలవు పెట్టి వెంట వెళ్ళాము. మంగళవారం సాయంత్రానికి పస్రా మీదుగా చేరుకొని, వెదురు గుంజలు పాతి, టార్పాలిను కట్టి, గాజుల పెట్టెలు దించాము. పది అడుగులకు పది అడుగుల జాగ, నాలుగు రోజులకు పద్దెనిమిది వేలు. రాత్రి భోజనాలైన తరువాత ఒక్క బల్బు క్రింద కూర్చొని తమ్ముడు తన కాగితం తీసి అబ్బా ముందర పెట్టాడు. పెట్టడానికి కారణం ఉన్నది. వాడికి కావలసిన మూడున్నర లక్షలు చెల్లెలి పెండ్లి కొరకు అబ్బా కూడబెట్టిన నాలుగు లక్షలలో నుండి రావలె.

ఆ కాగితంలో ఉన్నది ఇది. సగం ర్యాకు, నెలకు రూ. 24,000. కరెంటు రెండు కె.వి.ఏ.లు, రూ. 19,000. ఇంటర్నెట్టు రూ. 8,000. చిల్లర రూ. 1,000. మొత్తం నెలకు యాభై రెండు వేలు, మూడేండ్ల ఒప్పందం. క్రింద వాడి చేతివ్రాతతో ముప్పై ఆరు నెలలకు రూ. 18,72,000 అని వేసి గీత కొట్టి ఉన్నది. నలభై పాఠశాలల నుండి ఏడాదికి వాడికి వచ్చేది పదహారు లక్షలు.

అబ్బా చదువు ఉర్దూ మీడియంలో ఐదవ తరగతి. ఇంట్లో మా మాటలన్నీ ఉర్దూలోనే. ఇక్కడ తెలుగు చేసి వ్రాస్తున్నాము. ఆయన ఆ కాగితాన్ని బల్బుకు దగ్గరగా పట్టుకొని మొదట అడిగిన ప్రశ్న కిరాయి గురించి కాదు.

"దీపానికి ఎట్లా తీసుకుంటారు? బల్బుకా, తీగకా?"

జాతరలో కరెంటు ఇచ్చేవాడు బల్బుకు ఇంతని లెక్క కట్టితే, వెలిగించినా వెలిగించకపోయినా ఇచ్చుకోవలె. అది ఆయనకు తెలిసిన లోకం. తమ్ముడు చెప్పాడు: రెండు కె.వి.ఏ.లు మన పేరున కట్టిపెడతారు, వాడినా వాడకపోయినా అంత ఇవ్వవలసిందే. "అయితే నీకు రెండు కావలెనని ఎవరు చెప్పారు?" అని అబ్బా అడిగారు. ఒక్కొక్క సర్వరు వెనుక 750 వాట్లని అచ్చు వేసి ఉన్నది, రెండింటికి 1,500, కంపెనీ మనిషి దానిని చూచి రెండు వేయించాడు. అబ్బా నవ్వారు. "లారీ మీద పది టన్నులని వ్రాసి ఉంటుంది. నా గాజులు పది టన్నులు ఉన్నాయా?"

జాతర నుండి వచ్చిన తరువాత తమ్ముడు వంద రూపాయల పనిగా ఒక ప్లగ్గు మీటరు అరువు తెచ్చి వారం రోజులు కొలిచాడు. ఒక్కొక్క సర్వరు సగటున 250 వాట్లు. స్విచ్చి, ఫైర్‌వాలు పెట్టె కలిపి 50. మొత్తం 550 వాట్లు, అనగా మన ఇస్త్రీపెట్టెలో సగం. ఒక నెలకు 396 యూనిట్లు. దాని మీద చల్లగాలికీ తక్కిన నష్టాలకూ అయ్యే కరెంటు కూడ కిరాయిదారే భరించవలె. ఆ సెంటరు వారు ఒకటికి 1.6 వంతున లెక్క కడతారు. కనుక 634 యూనిట్లు. యూనిట్టుకు పదకొండు చొప్పున దాదాపు ఏడు వేలు. పందొమ్మిది వేలకూ ఏడు వేలకూ నడుమ తేడా మూడేండ్లలో నాలుగు లక్షల పై మాట. అదంతా ఒక యంత్రం వీపు మీది అచ్చును నమ్మినందుకు. ఐతే ఒక జాగ్రత్త: మీటరు పెట్టేది ఫలితాలు వెలువడే వారంలో పెట్టవలె గాని సెలవులలో కాదు. మా వాడు ఆ సంగతి గుర్తుంచుకొని, పని ఒత్తిడిగా ఉన్న గంటలలో ముల్లు ఎంతవరకు పోయిందో కూడ వ్రాసుకున్నాడు.

సరే, మేడారానికి తిరిగి వస్తాము. అబ్బా రెండవ ప్రశ్న జాగ కొలతను గూర్చి. సగం ర్యాకంటే ఇరవై ఒక్క అరలు. నీ సామాను ఎంత? సర్వరుకు రెండేసి అరలు, అవి నాలుగు, స్విచ్చి ఒకటి, ఫైర్‌వాలు ఒకటి. ఆరు. మిగతా పదిహేను ఎందుకు? "వ్యాపారం పెరిగితే" అన్నాడు తమ్ముడు.

అప్పుడు అబ్బా కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "2008 గుర్తున్నదా?" అని మమ్ములను అడిగారు.

గుర్తు లేకపోవడమేమి. ఆ జాతరకు అబ్బా వ్యాపారం పెరుగుతుందని, జంపన్న వాగు నుండి గద్దెలకు పోయే తోవలో రెండు జాగలు తీసుకున్నారు; ఇరవై రెండు వేలు ముందే ఇచ్చారు. జనం రద్దీ చూచి పోలీసులు గురువారం నాడు ఆ తోవను మళ్ళించారు. అందులో ఎవరి తప్పూ లేదు. మా రెండు జాగల ముందు నుండి మనుషులే పోలేదు. అమ్మీ కాళ్ళ పట్టీలు అమ్మి మా డిగ్రీ రెండవ సంవత్సరం ఫీజు కట్టాము. ఈ సంగతి తమ్ముడికి తెలియదు. వాడు అప్పుడు చిన్నవాడు. "పెరిగినప్పుడు ఇంకొక జాగ దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువైనా సరే. పెరగకపోతే తీసుకున్న జాగను ఎవరూ వాపసు తీసుకోరు" అన్నారు అబ్బా. ఇది అన్ని వేళలా నిజమని మేము అనము. పక్క అరలు మరొకరికి పోయి, సామాను వేరొక ర్యాకుకు మార్చవలసి వస్తే అది ఒక ఖర్చే. కాని పదిహేను ఖాళీ అరలకు మూడేండ్ల కిరాయి కంటె అది తక్కువ.

మూడేండ్ల సంగతి వచ్చింది గనుక మేము ఆ కాగితం రెండవ పుట చదివి వినిపించాము. ఏటేటా నూటికి ఎనిమిది పెంపు. పైన నూటికి పద్దెనిమిది జి.ఎస్.టి. మా తమ్ముడి రాబడి ఏటికి ఇరవై లక్షల లోపు గనుక వాడు జి.ఎస్.టి.లో నమోదు కాలేదు. నమోదైనవారు తాము కట్టిన పన్నును తాము వసూలు చేసిన దానిలో తగ్గించుకోవచ్చును. వీడికి ఆ వీలు లేదు, మొత్తం ఖర్చే. బొమ్మల అట్టపెట్టె వెనుక లెక్క వేశాము. మొదటి ఏడు 6,24,000. రెండవ ఏడు 6,73,920. మూడవ ఏడు దాదాపు 7,27,834. పన్నుతో కలిపి ఇరవై మూడు లక్షల తొంభై వేలు. తమ్ముడు గీత కొట్టిన అంకెకు ఐదు లక్షల పైచిలుకు ఎక్కువ. చేరేనాడు ఇవ్వవలసినవి వేరే: మూడు నెలల డిపాజిటు 1,56,000; బిగింపు ఖర్చు పన్నుతో 17,700; మూడు నెలల కిరాయి ముందుగా 1,84,080. మూడు లక్షల యాభై ఏడు వేల ఏడు వందల ఎనభై. అదీ చెల్లెలి పెండ్లి డబ్బు. నడుమ మానుకుంటే మిగిలిన నెలలన్నింటి కిరాయీ కట్టిపోవలెనని షరతు.

తమ్ముడి ముఖం చూడలేకపోయాము. వాడు లెక్క రానివాడు కాదు. భయపడ్డవాడు. వరద నీళ్ళు చూచిన మనిషికి ఎత్తైన చోటు ఎంత ధరకైనా చవకగానే కనబడుతుంది.

గురువారం రాత్రి మరొక ముక్క తేలింది. ఆ సాయంత్రం సమ్మక్క చిలకలగుట్ట దిగి వస్తుంటే గౌరవంగా తుపాకులు గాలిలోకి పేలాయి. జనం ఒక్కసారి కదిలారు. తరువాత రెండు గంటలు మా చేతులు గాజుల పెట్టెలలో నుండి బయటికి రాలేదు. అంతలో మా వరుసలో కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు. అబ్బా టార్చిలైటు నోట కరచుకొని అమ్మారు. రద్దీ తగ్గిన తరువాత తమ్ముడితో అన్నారు: "నీ హైదరాబాదు వారు కరెంటు పోదని వ్రాసి ఇస్తారా?" వాడు చెప్పాడు. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అంతస్తులు నిర్ణయించింది. మూడవ అంతస్తు అంటే నూటికి 99.982 పాళ్ళు నడుస్తుందని చెప్పుకుంటారు; నాలుగవ అంతస్తు 99.995. మేము లెక్క కట్టాము: మూడవదానికి ఏడాదికి గంటా ముప్పై ఐదు నిమిషాలు, నాలుగవదానికి ఇరవై ఆరు నిమిషాలు ఆగవచ్చునన్న మాట.

"ఏ గంటలో?" అన్నారు అబ్బా.

దీనికి ఏ అంతస్తూ జవాబు చెప్పదు. ఆయన లెక్కలో గురువారం సాయంత్రానికి మిగతా మూడు రోజుల బరువు ఉన్నది. తమ్ముడికి కూడ అటువంటి గంటలు ఏడాదికి పది ఉంటాయి: ఫలితాలు, ఫీజుల చివరి తేదీలు. ఆగిన గంటకు కంపెనీ వారు ఆ నెల కిరాయిలో కొంత భాగం తగ్గిస్తారు. పోయిన పాఠశాలను తెచ్చి ఇవ్వరు. కనుక పై అంతస్తుకు అధిక ధర పోయడం కంటె, అదే డబ్బులో కొంత పెట్టి లెక్కల నకలు ఒకటి హనుమకొండలో మేడ మీద ఎప్పటికప్పుడు ఉంచుకోవడం మేలని మేము అన్నాము. తమ్ముడు ఒప్పుకున్నాడు. పిల్లల వివరాలు మన దగ్గర అమానతు. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం కూడ వచ్చింది. ఆ నకలుకు తాళం ఎట్లా వేయవలెనో వాడికి మా కంటె బాగా తెలుసు.

అబ్బా ఆఖరి ప్రశ్నకు మేమిద్దరమూ నవ్వాము. "రాత్రి అక్కడ మన మనిషి ఒకడు పడుకోవద్దా?" ఆయన నలభై ఏండ్లుగా సామాను పక్కన పడుకున్న మనిషి. తరువాత తెలిసింది, అది నవ్వవలసిన ప్రశ్న కాదని.

క్లౌడు సంగతి ఏమని చదువరులు అడుగుతారు. మేమూ అడిగాము. సొంత యంత్రమే లేకుండ, వారి యంత్రంలోనే కొంత భాగం నెలవారీ తీసుకోవచ్చును గదా. తమ్ముడికి వచ్చిన ధర నెలకు పందొమ్మిది వేల దాకా ఉన్నది. ఫోటోలు బయటికి పంపిన కొద్దీ వేరే రుసుము. "కాని నాలుగు లక్షల ఎనభై వేలు పెట్టి సర్వర్లు కొన్నాను గదా" అన్నాడు వాడు. దానికి అబ్బా, "దేగ్ కొన్నామని దావత్ పెట్టుకుంటామా?" అన్నారు. పోయిన డబ్బును లెక్కలోకి తేవద్దని అర్థశాస్త్రం వారు పెద్ద పెద్ద మాటలలో చెప్పేది ఇదే కాబోలు. ఐతే ఆ పూట మేము అబ్బాతో ఏకీభవించలేదు. కొన్న సర్వర్లకు ఇంకా మూడేండ్ల ఆయువు ఉన్నది. వాటిని అమ్మితే సగం ధర కూడ రాదు. ఫోటోల బరువు చూస్తే ఇంచుమించు సమానం. అటువంటప్పుడు తెలిసిన యంత్రమే నయమని తేల్చాము. సర్వర్లు ముసలివై పోయిన నాడు ఈ లెక్క తిరిగి మొదటి నుండి వేయవలసిందే.

2024 మార్చి చివరలో వేరొక సెంటరుతో కరారునామా కుదిరింది. ఒక్క ఏడు. ఆరు అరలు, ఒక్కొక్కటి పదిహేను వందలు, అనగా తొమ్మిది వేలు. కరెంటు మీటరు ప్రకారం, ఏడు వేల అంచనా. ఇంటర్నెట్టు నాలుగు వేలు. ఇరవై వేలకు పన్ను కలిపి రూ. 23,600. డిపాజిటు రెండు నెలలది, నలభై వేలు; బిగింపు పన్నుతో 9,440; మూడు నెలల కిరాయి 70,800. చేరేనాడు లక్షా ఇరవై వేల చిల్లర. చెల్లెలి డబ్బు అంతమటుకే తీశారు. ఆ రోజు చెల్లెలు తమ్ముడి చేత రసీదు వ్రాయించుకున్నది. బి.ఎడ్. చదివిన పిల్ల.

పందొమ్మిది పుటల ఒప్పందాన్ని అక్షరం విడువకుండ చదివినది మేమే. చదివి, ఫరవాలేదు సంతకం చేయమని చెప్పినదీ మేమే. మొదటి బిల్లు 25,724 వచ్చింది. ఎందుకని చూస్తే, వాడినా వాడకపోయినా నెలకు 800 యూనిట్లకు తక్కువ కట్టరని అనుబంధంలో, చిన్న అక్షరాలలో ఒక పట్టికకు అడుగున ఉన్నది. అబ్బా అడిగిన మొదటి ప్రశ్నే మరొక వేషం వేసుకొని వచ్చి మమ్ములను ఓడించింది. నెలకు 2,124 రూపాయలు. వ్యాకరణంలో ఒక్క ప్రత్యయం జారితే విద్యార్థికి అర మార్కు కోసే మేము ఆ నెలంతా మార్కుల జోలికి పోవడానికి సిగ్గుపడ్డాము. తమ్ముడు ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

ఆగస్టులో ఒక రాత్రి డిస్కు ఒకటి చెడింది. హనుమకొండ నుండి మనిషి పోయే లోపల తెల్లవారుతుంది. పోయినా ముందుగా అనుమతి తీసుకొని గుర్తింపు కార్డు చూపనిదే లోపలికి పోనియ్యరు. అటువంటప్పుడు అక్కడి సిబ్బంది చేతనే మార్పించుకోవలె. దానికి అరగంటకు పదిహేను వందలు, ఆఫీసు వేళలు దాటితే గంటకు తక్కువ ఉండదు. పన్నుతో 3,540. మన మనిషి అక్కడ పడుకోకపోతే వారి మనిషి చేతులను కిరాయికి తీసుకోవలెనన్న మాట. మా పద్దులలో ఆ పద్దే లేదు. తరువాత ఏడు నుండి తమ్ముడు దానిని చేర్చి, పక్కన 'పడక' అని వ్రాసుకున్నాడు. అదనపు డిస్కు ఒకటి ముందే అక్కడ పెట్టి ఉంచినందున ఆ రాత్రి గట్టెక్కింది. ఇంకొక సంగతి కూడ తెలిసింది. వేరొక కంపెనీ ఇంటర్నెట్టు తీగ రెండవది తెచ్చుకుందామంటే, ఆ భవనంలోనే ఒక గది నుండి మరొక గదికి తీగ లాగినందుకు నెలనెలా మూడు వేలు అన్నారు. ఒకసారి లాగిన తీగకు నెలనెలా ఏమిటని అడిగితే, అది అన్ని చోట్లా ఉన్నదే అన్నారు. నిజమే, ఉన్నదే. తమ్ముడు రెండవ తీగను వాయిదా వేశాడు.

ఏడాది మొత్తం మూడు లక్షల ఇరవై ఒక్క వేల చిల్లర అయింది. బస్సు ఖర్చులు వేరే. ఆ ఏడు ఒక్క పాఠశాల కూడ విడిచి పోలేదు, నాలుగు క్రొత్తవి వచ్చాయి.

ఆ వేసవిలోనే అబ్బా తానూ చూస్తానన్నారు. రెండు రోజుల ముందు ఆధార్ నకలు పంపి, తమ్ముడితో కలిసి మమ్ములనూ లోపలికి పోనిచ్చారు. రెండు తలుపులు, ఒకటి మూసుకొంటే గాని రెండవది తెరుచుకోదు. లోపల చలి. ఇరుప్రక్కలా ఇనుప అలమారలు, వందల దీపాలు, చెవులు నిండిన హోరు. ఎక్కడా మనిషి లేడు. "మన జాగ ఏది?" అన్నారు అబ్బా. తమ్ముడు ఒక తలుపు తెరిచి చూపించాడు. ఆరు అరలు. ఆయన చేయి చాచి జాన వేశారు. దాని మీద రెండు వేళ్ళు పెట్టారు. పదిన్నర అంగుళాలు సరిగ్గా. పైనా క్రిందా ఎవరెవరివో యంత్రాలు. పై యంత్రం వంక చూచి, "ఈ పొరుగువాడు ఎవరు?" అని అడిగారు. చెప్పరు అన్నాడు తమ్ముడు. అది ఆయనకు నచ్చలేదు. మేడారంలో ఎడమ పక్క పసుపు కుంకుమల దుకాణం వారు, కుడి పక్క చెరుకు రసం వారు ముప్పై ఏండ్లుగా ఆయనకు తెలుసు; నమాజుకు పోయినప్పుడు దుకాణం వారి మీదనే విడిచిపోయేవారు.

2025 మార్చిలో ఒప్పందం తిరిగి వ్రాసుకొన్నారు. నూటికి ఎనిమిది పెంచుతామన్నారు. తమ్ముడు పన్నెండు నెలల మీటరు కాగితాలు ముందర పరచి కూర్చున్నాడు. పెంపు ఐదుకు, యూనిట్ల కనీసం 650కి దిగాయి. ఈసారి అనుబంధాన్ని తమ్ముడే చదువుకున్నాడు.

ఆ మే నెలలో చెల్లెలి పెండ్లి జరిగింది. అప్పటికి తమ్ముడు ఎనభై వేలు తిరిగి ఇచ్చాడు. మిగిలిన నలభై వేలు డిపాజిటు రూపాన హైదరాబాదులోనే ఉన్నాయి; ఖాళీ చేసిన నాడు గాని రావు. ఆ మేరకు మేము జీతం నుండి సర్దాము. అబ్బా తన ఖాతా పుస్తకం తీసి, 2024 మేడారం లెక్క ముగిసిన పుటకు ఎదుటి పుటలో ఉర్దూలో ఒక పద్దు వ్రాశారు: హైదరాబాదు జాగ, జమానతు, నలభై వేలు, రావలసినది. దాని క్రింద మా పేరు వ్రాసి, మా చేత సంతకం పెట్టించుకున్నారు.